స్ప్రైట్ షీట్ నుండి ఫ్రేములను వేరుచేయుట

వీడియో గేములలో కదిలే ఒక బొమ్మ యొక్క వేర్వేరు భంగిమలను ఒకే పెద్ద చిత్రంలో పక్కపక్కన అమర్చి భద్రపరచిన ఫైలును స్ప్రైట్ షీట్ అంటారు. అందులోని ఒక్కొక్క భంగిమను ఫ్రేము అంటారు. ఫ్రేములను ఒకదాని తరువాత ఒకటిగా వేగంగా చూపినప్పుడు బొమ్మ నడిచినట్లు, దూకినట్లు, పడిపోయినట్లు కంటికి తోస్తుంది. షీటును తిరిగి విడివిడి ఫ్రేములుగా కోసి, సరైన వరుసలో నడిపించడానికి వీలుగా సిద్ధం చేసే ప్రక్రియను ఫ్రేములను వేరుచేయుట అని చెప్పవచ్చు. గేముల తయారీ నేర్చుకొనేవారికి, యానిమేషన్ విద్యార్థులకు, పాత గేములను భద్రపరచేవారికి ఇది తరచుగా అవసరమయ్యే పని.

చూడటానికి ఈ పని గళ్ళ కాగితాన్ని గీతల వెంబడి కత్తిరించినంత సులభంగా కనిపిస్తుంది. కాని షీటులో గీతలు ఉండవు, బొమ్మలు మాత్రమే ఉంటాయి. గడి కొలత ఎంత, గడికి గడికి మధ్య ఎడం ఎంత, ఏ ఫ్రేము ముందు, ఏది వెనుక, బొమ్మ పాదం ఎక్కడ ఆనాలి, ఒక్కొక్క ఫ్రేము తెరపై ఎంతసేపు నిలవాలి అనే విషయాలు చిత్రంలో వ్రాసి ఉండవు. అవి షీటును తయారుచేసిన వారికి, దానిని వాడిన ప్రోగ్రాముకు మాత్రమే తెలుస్తాయి. ఈ సమాచారాన్ని తిరిగి రాబట్టడమే ఈ ప్రక్రియలోని అసలు పని, కత్తిరించడం దాని తరువాతి మెట్టు.

చరిత్ర

కదలికను నిశ్చల చిత్రాలుగా విడదీసే ప్రయత్నం కంప్యూటర్ల కంటే పాతది. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా అమర్చిన కెమెరాలతో పరుగెత్తే గుర్రాన్ని ఫోటోలు తీసి, ఆ చిత్రాలను ఒకే అట్టపై గడులుగా పేర్చి ప్రచురించాడు. రూపంలో అది నేటి స్ప్రైట్ షీటును పోలి ఉంటుంది.

కంప్యూటర్ రంగంలో స్ప్రైట్ అనే మాట, 1979లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ విడుదల చేసిన టీఎంఎస్ 9918 అనే చిప్‌తో ప్రచారంలోకి వచ్చింది. నేపథ్యాన్ని చెరపకుండా దానిపై స్వతంత్రంగా కదిలే చిన్న బొమ్మకు ఆ పేరు పెట్టారు. అదే సంవత్సరం జపానుకు చెందిన నామ్కో సంస్థ విడుదల చేసిన గెలాక్సియన్ అనే గేము రంగుల స్ప్రైట్లను వాడింది. 1982లో వచ్చిన కమొడోర్ 64 కంప్యూటరు 24 × 21 పిక్సెళ్ళ స్ప్రైట్లను ఎనిమిదింటిని చూపగలిగేది.

1983లో నింటెండో సంస్థ జపానులో ఫామికామ్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. దానికి నకళ్ళుగా తయారైన యంత్రాలు 1990లలో భారతదేశంలో విరివిగా అమ్ముడుపోయాయి. మారియో, కాంట్రా వంటి గేములు ఎందరికో వీటి ద్వారానే పరిచయమయ్యాయి. ఈ యంత్రంలో పూర్తి భంగిమ ఒక్కచోట నిలువ ఉండదు. బొమ్మలన్నీ 8 × 8 పిక్సెళ్ళ ముక్కలుగా ఉంటాయి. చిన్న మారియో బొమ్మ నాలుగు ముక్కలు కలిస్తే ఏర్పడే 16 × 16 పిక్సెళ్ళ చతురస్రం. ఒకే ముక్కను అనేక భంగిమలలో మరల వాడవచ్చు. ఎడమకు నడిచే బొమ్మను వేరుగా గీయరు, కుడికి నడిచే బొమ్మనే యంత్రం అద్దంలో వలె తిప్పి చూపుతుంది. అందువలన అటువంటి గేములకు నేడు లభించే స్ప్రైట్ షీట్లలో చాలావరకు అభిమానులు తెరపై కనిపించిన భంగిమలను సేకరించి పేర్చినవే. వాటిలోని గడుల కొలతలు పేర్చినవారి ఇష్టాన్ని బట్టి మారుతూ ఉంటాయి.

1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా గేము కోసం జోర్డన్ మెక్నర్ తన తమ్ముడు పరుగెత్తడం, దూకడం వీడియో తీసి, ఆ దృశ్యాల ఆధారంగా ఫ్రేములను గీశాడు. ఆ గేములోని కదలికలు సహజంగా ఉండటానికి అదే కారణం.

ఒకే చిత్రంలో అనేక బొమ్మలు ఉంచడం గేములకే పరిమితం కాలేదు. చిన్న చిన్న ఫైళ్ళను విడివిడిగా దింపుకోవడం కంటే ఒకే ఫైలును దింపుకోవడం వేగవంతమని 2004లో డేవ్ షే వ్రాసిన వ్యాసం తరువాత వెబ్ పేజీల తయారీలోనూ ఈ పద్ధతి బాగా వ్యాపించింది.

షీట్లలో రకాలు

స్ప్రైట్ షీట్లను స్థూలంగా మూడు రకాలుగా విభజించవచ్చు.

సమాన గడుల షీటు: అన్ని ఫ్రేములు ఒకే కొలత గల గడులలో ఉంటాయి. బొమ్మ చిన్నదైనా గడి మారదు, మిగిలిన చోటు ఖాళీగా ఉంటుంది. వేరుచేయడానికి అన్నిటికంటే అనువైనది ఇదే.

దట్టంగా కూర్చిన షీటు: ఖాళీ స్థలం వృథా కాకుండా ప్రతి బొమ్మ చుట్టూ ఉన్న ఖాళీని కత్తిరించి, అవసరమైతే బొమ్మను 90 డిగ్రీలు తిప్పి, సందులలో ఇరికించి పేరుస్తారు. దీనితోపాటు ప్రతి బొమ్మ స్థానాన్ని తెలిపే ఒక సమాచార ఫైలు ఉంటుంది.

సేకరణ షీటు: ఎవరో చేతితో పేర్చినది. గడులు సమానంగా ఉండవు, సమాచార ఫైలు ఉండదు. కొన్నిసార్లు మధ్యలో పేర్లు, గీతలు కూడా వ్రాసి ఉంటాయి.

పని మొదలుపెట్టే ముందు చేతిలో ఉన్న షీటు ఏ రకానికి చెందినదో గుర్తించడం ముఖ్యం. సమాచార ఫైలు లభిస్తున్నప్పుడు కొలతలను ఊహించడం అనవసరం.

గడి కొలతను లెక్కించుట

సమాన గడుల షీటును కోయడానికి నాలుగు కొలతలు తెలియాలి. అవి షీటు కొలత, చుట్టూ వదిలిన అంచు, గడుల మధ్య ఎడం, గడి కొలత. షీటు వెడల్పును నిలువు వరుసల సంఖ్యతో భాగిస్తే గడి వెడల్పు వస్తుందని అనుకోవడం ఇందులో సాధారణంగా జరిగే పొరపాటు.

దీనికి విజయవాడలోని ప్రకాశం బ్యారేజీని ఉదాహరణగా తీసుకోవచ్చు. కృష్ణా నదిపై 1957లో పూర్తయిన ఈ బ్యారేజీ పొడవు సుమారు 1,223 మీటర్లు, గేట్లు 70. పొడవును 70తో భాగిస్తే సుమారు 17.5 మీటర్లు వస్తుంది. కాని ఒక్కొక్క గేటు వెడల్పు 40 అడుగులు, అనగా సుమారు 12.2 మీటర్లు మాత్రమే. మిగిలినది గేట్ల మధ్యనున్న స్తంభాలు, ఇతర కట్టడాలు ఆక్రమించిన చోటు. షీటులో గడుల మధ్య ఎడం ఈ స్తంభాల వంటిది, చుట్టూ ఉన్న అంచు రెండు గట్ల వంటిది.

నిలువు వరుసల సంఖ్యను ఈ క్రింది విధంగా లెక్కిస్తారు. షీటు వెడల్పు నుండి రెండు వైపుల అంచులను తీసివేసి, ఒక ఎడం కలపాలి. వచ్చిన దానిని గడి వెడల్పు, ఎడంల మొత్తంతో భాగించాలి. ఎడాల సంఖ్య గడుల సంఖ్య కంటే ఒకటి తక్కువ గనుక ఒక ఎడం కలపవలసి వస్తుంది.

ఉదాహరణకు షీటు 534 × 252 పిక్సెళ్ళు, అంచు 4, ఎడం 2, గడి 64 × 80 అనుకుందాం.

నిలువు వరుసలు: (534 − 8 + 2) ÷ 66 = 8
అడ్డు వరుసలు: (252 − 8 + 2) ÷ 82 = 3

మొత్తం 24 గడులు. సున్న నుండి లెక్కిస్తే 13వ ఫ్రేము రెండవ అడ్డు వరుసలో ఆరవ గడి అవుతుంది. దాని ఎడమ అంచు 4 + 5 × 66 = 334వ పిక్సెల్ వద్ద, పై అంచు 4 + 1 × 82 = 86వ పిక్సెల్ వద్ద ఉంటాయి.

అంచును, ఎడాన్ని పట్టించుకోకుండా 64 పిక్సెళ్ళ చొప్పున కోస్తే మొదటి గడిలో తేడా 4 పిక్సెళ్ళే గనుక కంటికి అంతగా కనిపించదు. కాని ప్రతి గడికి మరో 2 పిక్సెళ్ళు పెరుగుతూ ఎనిమిదవ గడికి 18 పిక్సెళ్ళకు చేరుతుంది. అప్పటికి బొమ్మ చేయి ఒక ఫ్రేములో, మొండెం ఇంకొక ఫ్రేములో పడవచ్చు. అందుచేత మొదటి గడిని కాక, చివరి గడిని చూసి కొలత సరిపోయినదో లేదో నిర్ణయించాలి. భాగించినప్పుడు దశాంశం మిగిలితే అంచు గాని, ఎడం గాని తప్పుగా తీసుకున్నట్లు గ్రహించాలి. పై ఉదాహరణలో 534ను నేరుగా 8తో భాగిస్తే 66.75 వస్తుంది. పిక్సెల్‌లో ముక్కలు ఉండవు గనుక ఆ లెక్క తప్పని వెంటనే తెలిసిపోతుంది.

ఒక వాస్తవ షీటు

లిబరేటెడ్ పిక్సెల్ కప్ అనేది 2012లో క్రియేటివ్ కామన్స్, ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్, ఓపెన్ గేమ్ ఆర్ట్ సంస్థలు కలిసి నిర్వహించిన పోటీ. దాని ద్వారా అందరూ వాడుకోదగిన పాత్రల షీట్లు ఏర్పడ్డాయి. వాటిలో ప్రసిద్ధమైన రూపం 832 × 1344 పిక్సెళ్ళు. గడి 64 × 64, అంచు గాని ఎడం గాని లేవు. కాబట్టి నిలువు వరుసలు 13, అడ్డు వరుసలు 21, మొత్తం గడులు 273.

అయితే ఫ్రేములు 273 కావు. మంత్రం వేయుటకు 7, ఈటెతో పొడుచుటకు 8, నడకకు 9, కత్తి విసురుటకు 6, బాణం వేయుటకు 13 ఫ్రేములు ఉంటాయి. ఈ అయిదు కదలికలు వెనుకకు, ఎడమకు, ముందుకు, కుడికి అని నాలుగు దిక్కులలో ఉంటాయి. చివరి వరుసలో పడిపోవుట ఒకే దిక్కులో 6 ఫ్రేములు. మొత్తం 43 × 4 + 6 = 178 ఫ్రేములు. మిగిలిన 95 గడులు ఖాళీ. సాఫ్ట్‌వేరుతో అన్ని గడులను గుడ్డిగా కోస్తే ఈ ఖాళీ గడులు కూడా ఫైళ్ళుగా తయారవుతాయి. నడిపించినప్పుడు అడుగడుగునా బొమ్మ మాయమై మరల ప్రత్యక్షమవుతుంది.

నడకలో ఇంకొక సూక్ష్మం ఉంది. తొమ్మిది ఫ్రేములలో మొదటిది నిలబడిన భంగిమ, తరువాతి ఎనిమిది మాత్రమే అడుగులు. తొమ్మిదింటినీ తిప్పితే బొమ్మ ప్రతి ఆవృత్తంలో ఒకసారి తడబడినట్లు కనిపిస్తుంది. సెకనుకు 12 ఫ్రేముల చొప్పున ఎనిమిది ఫ్రేములకు సుమారు మూడింట రెండు వంతుల సెకను పడుతుంది. ఈ వివరాలేవీ చిత్రాన్ని కొలిచినంత మాత్రాన తెలియవు, బొమ్మను నడిపించి చూడవలసినదే. ఈ షీట్లకు తరువాతి కాలంలో మరిన్ని కదలికలు చేర్చారు గనుక కొత్తవి ఇంకా పొడవుగా ఉంటాయి.

గడులు సమానంగా లేని షీట్లు

సేకరణ షీట్లకు సాఫ్ట్‌వేరు సాధారణంగా ద్వీపాల పద్ధతిని వాడుతుంది. నేపథ్యాన్ని నీరుగా, బొమ్మను దీవిగా భావించి, ఒకదానినొకటి తాకుతున్న పిక్సెళ్ళనన్నిటినీ ఒక దీవిగా గుర్తించి, దాని చుట్టూ దీర్ఘచతురస్రం గీస్తుంది. ఇది చాలా సందర్భాలలో పనిచేస్తుంది. కాని చేతి నుండి జారిన కత్తి, తుపాకి మెరుపు, దుమ్ము వంటివి శరీరాన్ని తాకవు గనుక వేరే దీవులుగా లెక్కకు వస్తాయి. దగ్గర దగ్గరగా ఉన్న రెండు బొమ్మల వేళ్ళు తగిలితే రెండూ ఒకటైపోతాయి. మొదటి లోపానికి, కొన్ని పిక్సెళ్ళ దూరంలోని దీవులను కలపమని సాధనానికి చెప్పాలి. రెండవదానికి చేతితో విడదీయడం తప్ప మార్గం లేదు.

దట్టంగా కూర్చిన షీట్లకు సమాచార ఫైలే ఆధారం. టెక్స్చర్ ప్యాకర్ వంటి సాధనాలు తయారుచేసే ఫైలులో ప్రతి ఫ్రేముకు పేరు, షీటులో దాని స్థానం, పొడవు వెడల్పులు, తిప్పబడినదా లేదా, ఖాళీ కత్తిరించబడినదా లేదా, కత్తిరించక ముందు అసలు కొలత ఎంత, అందులో బొమ్మ ఎక్కడ ఉండేది అనే వివరాలు ఉంటాయి. బొమ్మను కోసి, తిప్పి ఉంటే తిరిగి నిలబెట్టి, అసలు కొలత గల ఖాళీ గడిలో పూర్వ స్థానంలో అతికించినప్పుడే ఫ్రేము సంపూర్ణమవుతుంది.

ఆధార బిందువు

పై చివరి మెట్టును వదిలివేస్తే బొమ్మ వణుకుతుంది. చేయి చాచిన ఫ్రేము వెడల్పుగా, చేయి ముడిచిన ఫ్రేము సన్నగా ఉంటాయి. రెండింటినీ ఎడమ అంచు వద్ద కలిపి చూపితే నిలబడిన మనిషి అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తాడు. దీనిని నివారించడానికి ప్రతి ఫ్రేములోనూ ఒక ఆధార బిందువును నిర్ణయిస్తారు. నడిచే పాత్రకు సాధారణంగా రెండు పాదాల నడుమ నేలను తాకే చోటును తీసుకుంటారు. దూకేటప్పుడు పాదం నేలను విడుస్తుంది గనుక పాదాన్ని కాక, నేల గీతను ఆధారంగా ఉంచాలి. లేనిచో దూకిన బొమ్మ నేలమీదనే ముడుచుకున్నట్లు కనిపిస్తుంది.

కృష్ణా జిల్లాలోని పెడన, మచిలీపట్నంలలో జరిగే కలంకారీ అద్దకంలో ఇటువంటి జాగ్రత్తనే చూడవచ్చు. అక్కడ ఒకే పువ్వుకు రేఖలకు ఒక చెక్క అచ్చు, లోపలి రంగులకు వేరే అచ్చులు వాడతారు. ప్రతి అచ్చును ముందు పడిన ముద్రతో సరిగా కలిసేటట్లు ఆనించాలి. అచ్చు ఎంత అందంగా చెక్కినదైనా, ఆనించే చోటు తప్పితే రంగు గీత దాటిపోతుంది. ఫ్రేముల విషయంలోనూ బొమ్మ ఎంత చక్కగా కోసినా ఆధార బిందువు తప్పితే కదలిక చెడుతుంది.

నేపథ్యం, ఫైలు రూపం

పాత షీట్లలో నేపథ్యంగా ముదురు గులాబి వంటి, బొమ్మలో ఎక్కడా రాని ఒక రంగును నింపేవారు. వేరుచేసేటప్పుడు ఆ రంగును పారదర్శకంగా మార్చాలి. షీటు పీఎన్‌జీ రూపంలో ఉంటే ప్రతి పిక్సెల్ యథాతథంగా ఉంటుంది గనుక ఇది సులభం. జేపెగ్ రూపంలో ఉంటే కుదింపు వలన బొమ్మ అంచుల వద్ద రంగులు కలిసిపోయి, నేపథ్యాన్ని తొలగించిన తరువాత కూడా చుట్టూ మరకలు మిగులుతాయి. ఇటువంటి షీటును బాగుచేయడం కంటే అసలు పీఎన్‌జీ కోసం వెదకడం మంచిది.

బొమ్మను పెద్దది చేయవలసి వస్తే రెండింతలు, మూడింతలు వంటి పూర్ణ సంఖ్యలతోనే, సమీప పిక్సెల్‌ను తీసుకొనే పద్ధతిలో పెంచాలి. ఇతర పద్ధతులు పక్క పిక్సెళ్ళ రంగులను కలిపి బొమ్మను మసకబారుస్తాయి. కోయడం పూర్తయిన తరువాతనే పెంచాలి. ముందుగా పెంచితే పక్క గడి రంగు అంచులోకి చొరబడే అవకాశం ఉంది.

వాడుకలో ఉన్న సాధనాలు

గింప్: ఉచిత చిత్ర సాధనం. షీటుపై మార్గదర్శక గీతలు ఉంచి, ఆ గీతల వెంబడి ఒకేసారి కోయవచ్చు. కొద్ది ఫ్రేములు గల షీట్లకు అనుకూలం.

ఇమేజ్‌మేజిక్: ఆదేశాలతో పనిచేసే ఉచిత సాధనం. క్రాప్ ఆదేశానికి గడి కొలతను మాత్రమే ఇచ్చి స్థానం ఇవ్వకపోతే షీటు మొత్తాన్ని ఆ కొలత గల ముక్కలుగా కోస్తుంది. అయితే ప్రతి ముక్క షీటులో తన పాత స్థానాన్ని గుర్తుంచుకుంటుంది. రీపేజ్ ఆదేశంతో దానిని చెరపకపోతే యానిమేషన్‌గా మార్చినప్పుడు బొమ్మలు తెర నలుమూలలా పడతాయి.

అస్‌ప్రైట్: పిక్సెల్ చిత్రాల కోసం తయారైన సాధనం. షీటును తెరచి గడి కొలత, ఎడం ఇస్తే నేరుగా ఫ్రేముల వరుసగా మారుస్తుంది. ఒక్కొక్క ఫ్రేముకు వేర్వేరు కాలవ్యవధిని ఇవ్వవచ్చు.

యూనిటీ, గోడో: ఇవి గేముల తయారీ వేదికలు. వీటిలో ఫ్రేములను వేర్వేరు ఫైళ్ళుగా కోయనవసరం లేదు. షీటును అలాగే ఉంచి, ఏ గడి ఏ ఫ్రేమో తెలిపితే చాలు. యూనిటీలో గడి కొలతను బట్టి, గడుల సంఖ్యను బట్టి, లేదా దీవులను గుర్తించి విభజించే పద్ధతులు ఉన్నాయి.

ఫైళ్ళకు పేర్లు పెట్టేటప్పుడు 1, 2, 10 అని కాక 001, 002, 010 అని సున్నలతో వ్రాయడం మంచిది. లేనిచో అక్షర క్రమంలో 10వ ఫ్రేము 2వ ఫ్రేము కంటే ముందు వస్తుంది.

కీళ్ళ యానిమేషన్‌తో పోలిక

అన్ని గేములూ ఫ్రేముల పద్ధతిని వాడవు. కొన్నిటిలో తల, చేతులు, కాళ్ళు విడివిడి ముక్కలుగా ఉండి, కీళ్ళ వద్ద తిరుగుతూ కదలికను సృష్టిస్తాయి. ఆంధ్రదేశపు తోలుబొమ్మలాటలో బొమ్మ భుజం, మోచేయి వంటి చోట్ల ముక్కలను కట్టి ఆడించడం ఇదే సూత్రం. ఇటువంటి గేముల షీటును తెరిస్తే పూర్తి బొమ్మ ఎక్కడా కనిపించదు, అవయవాలు మాత్రమే కనిపిస్తాయి. వాటిని కోసి వరుసగా చూపినంత మాత్రాన యానిమేషన్ రాదు. కీళ్ళ స్థానాలను, కోణాలను తెలిపే ఫైలు తప్పనిసరి.

హక్కులు

ఫ్రేములను వేరుచేయగలగడం వేరు, వాటిని వాడుకొనే హక్కు ఉండటం వేరు. భారతదేశంలో 1957 కాపీహక్కు చట్టం ప్రకారం గీసిన బొమ్మ కళాకృతి అవుతుంది. చిత్రకారుని జీవితకాలం, ఆ తరువాత 60 సంవత్సరాలు దానికి రక్షణ ఉంటుంది. పరిశోధనతో సహా సొంత వాడకానికి, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకొనేందుకు చట్టంలోని 52వ విభాగం అవకాశం ఇస్తుంది. వాణిజ్య గేము నుండి తీసిన ఫ్రేములను సొంత గేములో పెట్టి అమ్మడం దీని పరిధిలోకి రాదు.

స్వేచ్ఛా లైసెన్సుతో లభించే షీట్లకు కూడా షరతులు ఉంటాయి. లిబరేటెడ్ పిక్సెల్ కప్ బొమ్మలను వాడేవారు చిత్రకారుల పేర్లు తెలపాలి, మార్పులు చేసిన బొమ్మలను అదే లైసెన్సుతో ఇతరులకు ఇవ్వాలి. ఒకే పాత్రలో శరీరం ఒకరు, జుట్టు ఒకరు, దుస్తులు మరొకరు గీసి ఉండవచ్చు. షీటుతోపాటు వచ్చిన పేర్ల ఫైలు, 178 ముక్కలుగా కోసినప్పుడు సులభంగా విడిపోతుంది. గడి కొలతను తరువాత ఎవరైనా మరల లెక్కించి రాబట్టగలరు. గీసినవారి పేరు ఒకసారి పోతే పిక్సెళ్ళను ఎంత కొలిచినా తిరిగి దొరకదు. కాబట్టి ఫ్రేములు ఉంచిన ఫోల్డరులోనే మూల షీటును, పేర్ల ఫైలును, గడి కొలతలు వ్రాసిన చిన్న పాఠ్య ఫైలును కలిపి భద్రపరచాలి.

ఇవి కూడా చూడండి

యానిమేషన్
పిక్సెల్
కంప్యూటర్ గ్రాఫిక్స్
తోలుబొమ్మలాట
కలంకారీ
ప్రకాశం బ్యారేజి